విశేషమేమీ లేదు

శనివారం సాయంత్రం ఇంటికి రండి అన్నాను.
"ఏంటి విశేషం?" అన్నారు అందరూ.
ఏమీ లేదన్నాను.
నమ్మలేదు ఒక్కరూ.
పుట్టినరోజా, ప్రమోషనా,
పోనీ పిల్లకి సంబంధం కుదిరిందా అని
తీగ లాగుతూనే ఉన్నారు.
నాకసలు పిల్లే లేదు మొర్రో అంటే
ఫోన్లో కాసేపు ఎవరో సర్దుకున్న చప్పుడు.

మా అమ్మకి చుట్టాలంటే దండయాత్ర.
మూడు రోజుల ముందే బూజుకర్ర ఎత్తేది.
కిటికీ ఊచల్ని పిల్లల చెవులు తోమినట్టు తోమేది.
నూనెలో పూర్ణం పగిలితే
కళ్ళు తుడుచుకుని ఇంకోటి వేసేది.
వచ్చినవాళ్ళు తిని, త్రేన్చి, బండెక్కేదాకా
వంటింటి గడప దాటేది కాదు.
మంచినీళ్ళిచ్చి వచ్చిన నన్ను పట్టుకుని
"ఏమన్నారే, పప్పు గురించి?"
అదొక్కటే అడిగేది.

నేను ఒక గిన్నెడు పెరుగన్నం కలిపాను.
అల్లం ఉంది, కరివేపాకు ఉంది,
దానిమ్మ గింజలు లేవు. లేకపోతే పోయె.
ఊరమిరపకాయలు వేయించాను.
బజ్జీల బరువు వీధి చివర నాగూరమ్మ బండి మీద పెట్టాను.
ఉతికిన బట్టల గుట్టని బీరువాలోకి తోసి
మోకాలితో తలుపు మూశాను.
ఇల్లు సర్దడం అయిపోయింది.

ఏడింటికి రమ్మంటే ఆరున్నరకే సలోమి,
చీపురెక్కడ అంటూ.
చీపుర్ని మంచం కిందకి తన్నేశాను.
హిదాయతుల్లా గారు మూడు వంతెనల దగ్గర ఇరుక్కుని
ఎనిమిదింటికి చేరారు,
స్కూటరు కొక్కేనికి వేలాడే కేజీ జిలేబీతో.
పై వాటా ధనకుమారి మెట్లు దిగడానికి పట్టుచీర కట్టింది.
దర్జీ ఏసుపాదం పేకముక్కలు తెచ్చాడు,
కళావరు జాకీ పోయిందట,
దాని బదులు తెనాలి బస్సు టిక్కెట్టు.

ఐదు కుర్చీలు, పదకొండు మంది.
ఈ లెక్క ముందే వేసి, వదిలేశాను.
కొందరు చాప మీదకి జారారు,
ఒకరు గుమ్మంలో, ఒకరు బియ్యం డబ్బా మీద.
ఉన్నట్టుండి గాలి తిరిగింది
మిర్చి యార్డు మీద నుంచి.
ముందు సలోమి తుమ్మింది,
తర్వాత హిదాయతుల్లా గారు,
తర్వాత వరసా వావీ లేకుండా అందరం.
అంతసేపు తుమ్మాక మర్యాదలేం నిలుస్తాయి?
అండీలూ గారూలూ అక్కడే రాలిపోయాయి.

ముక్కు తుడుచుకోను తువ్వాలు కోసం
ధనకుమారి బీరువా తెరిచింది.
వారం రోజుల నా బతుకు
ఆమె పాదాల మీద పడింది,
లంగాలతో సహా.
మా అమ్మ నాలో ఉలిక్కిపడి లేచింది.
ధనకుమారి ఏమీ అనలేదు.
పట్టుచీరతోనే చాప మీద కూలబడి
మడతలు పెట్టడం మొదలెట్టింది.
దిండు గలీబులు హిదాయతుల్లా అందుకున్నాడు.
మూలకి మూల కలపడం
బేగం పోయాక నేర్చుకున్నాడట.
పదకొండేళ్ళు పక్క టేబులు మీద పనిచేశాం,
ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఎప్పుడు ఒరిగానో తెలీదు.
బస్సు టిక్కెట్టు మీద ఎవరో పోట్లాడుతున్నారు,
నాగూరమ్మ కూడా వచ్చినట్టుంది, బండి మూసేసి.
ఆ గోలలో నిద్రపోయాను,
పిలిచినదాన్ని నేనే.

తెల్లారి మెలకువొస్తే నా మీద దుప్పటి.
తలుపు దగ్గరగా లాగి ఉంది.
గిన్నెలన్నీ కడిగి బోర్లించారు,
తప్పు గూట్లో.
మిగిలిన పెరుగన్నం మీద పళ్ళెం,
పిల్లికి భయపడి పళ్ళెం మీద పచ్చడిబండ.
ఏమన్నారే అని అడుగుతుంది ఎక్కడినుంచో అమ్మ.
ఏమీ అనలేదమ్మా.
పెరుగన్నం గురించి ఒక్కరూ ఒక్క మాటా అనలేదు.

గుమ్మంలో నా చెప్పులు లేవు.
వాటి చోట వేరే జత,
నా పాదానికి రెండు వేళ్ళు పెద్దది,
ఎడమ మడమ అరిగినది.
ఎవరివని ఫోన్లేమీ చెయ్యలేదు.
అవే వేసుకుని పాలకి వెళ్ళాను
టపటపమంటూ కొరిటెపాడు వీధంతా.
వాళ్ళే వస్తారు.
ఏంటి విశేషం అని
ఈసారి నేనడుగుతాను.